చెట్టుకో లైను, గడ్డికో లైను

(పార్కులో నీటి లైన్లు మార్చే పని గురించి ఆదివారం పొద్దున వాకర్లు, కాలనీవాళ్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారి ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఎండలో నిలబడ్డవాళ్లు ఇటు కానుగ కిందికి రండి, చోటుంది. అమ్మా, పిల్లల్ని ఆ వాల్వు గుంత దగ్గరికి పోనీయకండి, దానికి మూత లేదు.

పార్కులో నీటి లైను మార్చడానికి డబ్బు మంజూరైందని మీకందరికీ తెలుసు. సంతోషం. మార్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. పాత జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపులు, తుప్పు పట్టిపోయాయి. ట్రాక్ పక్కన ఒక పట్టీ మాత్రం మే నెలలో కూడా పచ్చగా ఉంటుంది, చూశారా? దానికి ఎవరూ ప్రత్యేకంగా ఎరువు వేయలేదు. కింద పైపు కారుతోంది. మోటారు నడుస్తుంటే ఆ నీళ్లు అక్కడే పోతున్నాయి. కాబట్టి కొత్త పైపు కావాలి. కానీ కొత్త పైపు వేస్తే సరిపోతుందా? పాత పద్ధతిలోనే కొత్త పైపు వేసుకుంటే డబ్బు అయిపోతుంది, చెట్టు మాత్రం ఎండుతూనే ఉంటుంది.

ఒక ప్రశ్న అడుగుతాను. మన పార్కు రెండెకరాలు. ఎండాకాలంలో దీనికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? చెప్పండి, తప్పయినా పర్లేదు. ఒక ట్యాంకరా? రెండా? నా చేతికిచ్చిన అంచనా కాగితం అంతా చదివాను. మోటారు ఎన్ని హెచ్‌పీదో ఉంది, పైపు ఎన్ని మీటర్లో ఉంది, స్ప్రింక్లర్లు ఎన్నో ఉంది. నీళ్లు ఎన్ని కావాలో మాత్రం ఎక్కడా లేదు. నీళ్ల లెక్క లేకుండా మోటారు సైజు ఎలా తేల్చారు?

లెక్క సులువే. ఇక్కడ స్కూలు పిల్లలున్నారు, వాళ్లకు కూడా వచ్చేస్తుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు పోస్తే సరిగ్గా ఒక లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 4,000 అనుకుందాం. మన హైదరాబాద్ ఎండల్లో గడ్డి రోజుకు ఎంత లేదన్నా 5 మిల్లీమీటర్ల నీళ్లు ఖర్చు చేస్తుంది, మే నెలలో ఇంకా ఎక్కువే. 4,000ను 5తో గుణించండి. 20,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఒక్క ఎకరం గడ్డికి, ఒక్క రోజుకు. మనకు గడ్డి దాదాపు ఎకరం ఉంది. ఇంకా చెట్ల దాకా రాలేదు మనం.

మరి రోజూ నాలుగు ట్యాంకర్ల నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? బోరు ఉంది కదా అంటారు. మన ఊరు నిలబడింది గ్రానైట్ మీద. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. వానలకు ఆ పగుళ్లు నిండుతాయి, మార్చి దాటిందంటే ఖాళీ అవుతుంటాయి. చెట్టుకు దాహం ఎక్కువయ్యే నెలల్లోనే బోరు ఆగి ఆగి పోస్తుంది. అందుకే బోరు నుంచి నేరుగా స్ప్రింక్లర్లకు లైను కలపకండి. బోరు నీళ్లు సంపులో పడాలి. ఎంత సన్నగా వచ్చినా సరే, రాత్రంతా పడనివ్వండి. సంపు నుంచి వేరే మోటారు పెట్టి లైన్లకు కొట్టండి. అప్పుడే ప్రెషర్ నిలకడగా ఉంటుంది. బోరులో నీళ్లు తగ్గినప్పుడు మోటారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు స్టార్టర్ ప్యానెల్‌లో ఉండాలి. లేకపోతే వట్టిగా తిరిగి కాలిపోతుంది. పెద్ద ఖర్చు కాదు, అడిగితే పెడతారు.

ఇక నల్లా నీళ్లు. 1908లో మూసీకి వరద వచ్చాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అప్పటి ఊరికి అవి సరిపోయాయి. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లను నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, దారిపొడవునా మోటార్లతో ఎత్తిపోస్తూ తెస్తున్నారు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు నల్లా వస్తే మన ఇళ్లల్లో ఎంత టెన్షన్ పడతామో మనకు తెలుసు. అలాంటి నీళ్లను గడ్డి మీద చల్లడానికి నాకు మనసు రాదు.

ఇంకో దారి ఉంది, శుద్ధి చేసిన మురుగు నీళ్లు. కొందరు మొహం చిట్లిస్తున్నారు, నాకు కనిపిస్తోంది. ఒక్క అంబర్‌పేట ప్లాంటు సామర్థ్యమే రోజుకు 339 మిలియన్ లీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 34 కోట్ల లీటర్లు. శుద్ధయ్యాక ఆ నీళ్లు మూసీలోకి పోతున్నాయి. చెట్ల వేర్లకు అవి పనికొస్తాయి. అయితే జాగ్రత్తలున్నాయి. వాటిని స్ప్రింక్లర్‌లో గాలిలోకి చల్లకూడదు. పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు. డ్రిప్పులో, అంటే చుక్కచుక్కగా కార్చే సన్న పైపుల్లో, నేలకు దగ్గరగా, ఆకుల పొర కింద పారాలి. ఆ పైపు రంగు వేరుగా ఉండాలి, 'ఈ నీళ్లు తాగరాదు' అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తాగునీటి నల్లా లైనుకూ ఈ లైనుకూ ఎక్కడా, ఏ వాల్వుతోనూ కలయిక ఉండకూడదు. ఎండాకాలంలో ఒక్కసారికే కదా అని ఎవరో ఒక పైపు ముక్కతో రెండూ కలుపుతారు. ఒక్కసారి చాలు, పిల్లలకు జబ్బు చేయడానికి.

సరే, నీళ్లు వచ్చాయనుకుందాం. వచ్చిన నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? నేను ఇవాళ వచ్చింది ఈ సంగతి చెప్పడానికే.

మొన్న మనలో కొందరం కలిసి ముందున్న లాన్‌లో ఒకే కొలత స్టీలు డబ్బాలు వరసగా పెట్టాం. స్ప్రింక్లర్లు పావుగంట నడిపి ఆపాం. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని ఒక్కో డబ్బాలో ముంచి చూశాం. స్ప్రింక్లర్‌కు దగ్గరున్న డబ్బాలో 9 మిల్లీమీటర్లు. రెండింటి మధ్యలో పెట్టినదాంట్లో 2. మూలనున్న డబ్బా అడుగు కూడా సరిగా తడవలేదు. అదే లాను, అదే మోటారు, అదే పావుగంట. ఇప్పుడు మాలి ఏం చేస్తాడు? మూల ఎండిపోతోందని మనమే కదా ఆయనకు చెప్తాం? మూల తడవాలంటే గంట నడపాలి. గంట నడిపితే స్ప్రింక్లర్ పక్కన బురద. ఆ బురద నీళ్లు ట్రాక్ మీదికి. ట్రాక్ మీద పెద్దవాళ్లు జారిపడతారు. తప్పు మాలిదా?

ఎందుకిలా అవుతుందంటే, ఒక స్ప్రింక్లర్ చిమ్మిన నీళ్లు పక్క స్ప్రింక్లర్ మొదలు దాకా రావాలి. అలా రెండు వైపుల నుంచీ పడితేనే మధ్యలో సమంగా తడుస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి మధ్యలో ఒకటి వదిలేసి దూరం దూరంగా పెడతారు. కంటికి నీళ్లు ఎగురుతూనే కనిపిస్తాయి, అందరం బాగుందనుకుంటాం. డబ్బాలు పెట్టి చూస్తేనే బయటపడుతుంది. అందుకే పని అయిపోయిందని సంతకం పెట్టేముందు ఈ డబ్బాల పరీక్ష మన ముందే చేయమనాలి. డబ్బాలు మనవే, స్కేలు మనదే.

ఇంకోటి. పావుగంటలో 9 మిల్లీమీటర్లు అంటే గంటకు 36. ఏళ్ల తరబడి జనం నడిచి, కూర్చుని, పిల్లలు క్రికెట్ ఆడి గట్టిపడ్డ నేల అంత వేగంగా పీల్చుకోలేదు. పీల్చుకోలేనిది పక్కకు పారిపోతుంది. నెమ్మదిగా తిరుగుతూ దూరంగా చిమ్మే రకం స్ప్రింక్లర్లు ఉన్నాయి, రోటర్లు అంటారు. అవి గంటకు 10, 15 మిల్లీమీటర్లే పోస్తాయి. పెద్ద లాన్‌కు అవి మేలు. చిన్న లాన్‌కు పాత రకమే పెట్టినా, పావుగంట ఏకధాటిగా నడపకుండా ఐదేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో అరగంట విరామం ఇచ్చి నడపాలి. టైమర్ ఉంటే ఈ పని దానికదే చేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మొదలుపెడితే మనం వాకింగ్‌కు వచ్చేసరికి అయిపోతుంది. అప్పుడు గాలి ఉండదు, ఎండ ఉండదు, పోసిన నీళ్లు నేలలోకే పోతాయి.

ఇక చెట్లు. నిన్న సాయంత్రం ఆ ఈశాన్యం మూల వేప కింద గడ్డపారతో మూరెడు లోతు గుంత తీశాం. చూడనివాళ్లు ఇప్పుడైనా పోయి చూడండి, పూడ్చకుండా ఉంచాం, చుట్టూ తాడు కట్టాం. పైన రెండు వేళ్ల మందం తడి ఉంది. దాని కింద పొడి మట్టి. చేత్తో నలిపితే దుమ్ము లేచింది. రోజూ నీళ్లు పడుతున్న చెట్టు అది! రోజూ స్ప్రింక్లర్ తడుపుతోంది, రోజూ మనం చూస్తున్నాం, లోపల వేరుకు చుక్క అందడం లేదు.

కారణం ఏమిటి? గడ్డి వేరు జానెడు లోతు కూడా పోదు. దానికి కొంచెం కొంచెం, తరచుగా కావాలి. చెట్టు వేరు లోతుగా, వెడల్పుగా పోతుంది. దానికి ఎక్కువ నీళ్లు, ఎక్కువసేపు, చాలా రోజులకొకసారి కావాలి. ఈ రెండింటినీ ఒకే వాల్వు కింద పెట్టారు. గడ్డికి సరిపోయేలా నడిపితే చెట్టు లోపల ఎండుతుంది. చెట్టుకు సరిపోయేలా నడిపితే గడ్డి కుళ్లుతుంది. ఏ మాలి అయినా, ఏ టైమర్ అయినా, ఎంత ఖరీదైన కంట్రోలర్ తెచ్చి పెట్టినా ఈ చిక్కు విడదీయలేదు. ఎందుకంటే చిక్కు పైపులోనే ఉంది.

పైన మాత్రమే తడి దొరికే చెట్టు వేర్లు కూడా పైపైకే వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేచి వాన కొట్టినప్పుడు మన ఊళ్లో ఎన్ని చెట్లు పడిపోతాయో చూస్తూనే ఉన్నాం. చుట్టూ సిమెంటు, లోపల వేరు లోతు లేదు. పడకేం చేస్తాయి? ఈ పార్కులో నలభై ఏళ్ల చెట్లున్నాయి. గడ్డి చస్తే మూడు నెలల్లో మళ్లీ వేసుకోవచ్చు. ఈ చెట్టు పోతే మళ్లీ ఈ నీడ చూడాలంటే మనలో చాలామందికి వయసు చాలదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. చెట్లకు ఒక లైను, గడ్డికి ఒక లైను, పూలమొక్కలకూ కంచె మొక్కలకూ ఒక లైను. దేని వాల్వు దానిదే. డబ్బు చాలకపోతే టైమర్ తగ్గించండి, మెరిసే ప్యానెల్ బాక్సు తగ్గించండి, గేటు దగ్గర ఫౌంటెన్ వద్దనండి. లైన్లు విడదీయడం మాత్రం తగ్గించకండి. టైమర్ వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు. పూడ్చిన పైపును మళ్లీ తవ్వి ఎవరూ విడదీయరు.

చెట్టుకు నీళ్లు ఎక్కడ పోయాలన్నది కూడా చూడాలి. కాండం చుట్టూ చిన్న పాదు చేసి అందులో పోస్తాం. చిన్న మొక్కకు అది సరే. పెద్ద చెట్టుకు నీళ్లు తాగే సన్న వేర్లు కాండం దగ్గర ఉండవు, కొమ్మల చివర్ల కింద, నీడ అంచు దగ్గర ఉంటాయి. కాండం మొదట్లో రోజూ తడి ఉంటే బెరడు మెత్తబడి కుళ్లు పడుతుంది. కాబట్టి డ్రిప్పు పైపును నీడ అంచు దగ్గర గుండ్రంగా తిప్పాలి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు పెట్టి, ఎండాకాలంలో వారం పది రోజులకొకసారి చాలా గంటలు నడపాలి. ఎన్ని గంటలు అంటారా? గడ్డపార గుచ్చి చూడండి. తడి నేలలో దిగుతుంది, పొడి నేల తగలగానే ఆగుతుంది. రెండడుగులు దిగితే ఇక చాలు.

మన వేప, కానుగ, నేరేడు లాంటివి ఒకసారి వేరు లోతుగా దించుకున్నాక పెద్దగా అడగవు. కొత్తగా నాటిన మొక్కలకు మొదటి రెండు మూడు ఎండాకాలాలే కష్టం.

డ్రిప్పు అనగానే, "ఏడాదిలో మూసుకుపోతుంది సార్, ఫలానా పార్కులో వేశారు, పనిచేయలేదు" అంటారు. నిజమే. నేనూ అలాంటిదొకటి చూశాను. పైపులన్నీ ఉన్నాయి, ఒక్క డ్రిప్పర్ కారడం లేదు. ఫిల్టర్ విప్పి చూస్తే లోపల జాలి కనపడనంత మట్టి, నాచు. వేసిన రోజు నుంచి ఎవరూ విప్పలేదు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేదే డ్రిప్పర్ రంధ్రంలోనూ పేరుకుంటుంది. శుద్ధి చేసిన మురుగు నీళ్లయితే నాచు పడుతుంది, దానికి జాలి ఫిల్టర్ చాలదు, సన్న గాళ్లున్న బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చిన డిస్క్ ఫిల్టర్ కావాలి. ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి ప్రెషర్ మీటర్లు పెట్టించండి. రెండు ముళ్ల మధ్య తేడా పెరిగిందంటే కడగాల్సిన టైమొచ్చినట్టే. పైపు చివరలు బిగించేయకుండా విప్పడానికి వీలుగా ఉంచి, నెలకోసారి వదిలి కడగాలి. ఇదంతా పావుగంట పని, కానీ ఎవరో ఒకరు చేయాలి.

ఉడతలు కొరుకుతాయని కూడా అడుగుతారు. కొరుకుతాయి. ఎండాకాలంలో వాటికీ దాహమే. పైపు లోపల నీళ్లున్నాయని వాటికి తెలుస్తుంది. చెట్ల దగ్గర అక్కడక్కడ మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టండి, చాలావరకు పైపు జోలికి రావు. రైతులు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. పక్షులకు కూడా పనికొస్తుంది.

ప్రెషర్ గురించి ఒక్క ముక్క. టాయిలెట్ల మీదున్న ట్యాంకు నుంచే అన్నీ నడుస్తాయని ఎవరో అన్నారు. పది మీటర్ల ఎత్తుంటే ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, వస్తుంది. ఆ ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులో ఉంది. స్ప్రింక్లర్‌కు రెండు కేజీలు కావాలి. అక్కడి నుంచి నడవదు, మోటారు కావాల్సిందే. అలాగని మోటారు మరీ పెద్దదైనా నష్టమే. నీళ్లు చినుకుల్లా పడకుండా పొగలా లేచి గాలికి కొట్టుకుపోతాయి.

మాలి అన్న ఇక్కడే ఉన్నారు, ముందుకు రండన్నా. ఇన్నేళ్లుగా హోస్ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ఈ రెండెకరాలూ తడిపింది ఈయన. అంచనా కాగితం తయారైనప్పుడు ఈయన్ని ఎవరైనా అడిగారా? ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ వాల్వు బిగుసుకుపోయిందో, ఏ మొక్క ఎప్పుడు వాడుతుందో ఈయనకు తెలిసినట్టు నాకు తెలియదు, కాంట్రాక్టర్‌కు అసలే తెలియదు. ఊళ్లో చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంతసేపు వదలాలి అన్నది ఆయన చేతిలో ఉండేది, రైతులందరూ ఆ మాట వినేవాళ్లు. మన పార్కుకు నీరటి ఈయనే. కొత్త లైన్ల మ్యాపు గీసేటప్పుడు ఈయన పక్కన ఉండాలి. టైమర్ ఎలా మార్చాలో, ఫిల్టర్ ఎలా విప్పాలో ఈయన చేత చేయించి చూపించాకే కాంట్రాక్టర్‌కు చివరి బిల్లు ఇవ్వాలని మనం పట్టుబట్టాలి. ప్యానెల్ మీద తెలుగులో రాయించాలి.

(ఇక్కడ ఒకావిడ, గడ్డికి ఇన్ని నీళ్లు కావాలంటే గడ్డి తగ్గించమంటారా, మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారని అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారమ్మా. పిల్లలు ఆడే లాన్ ఉండాలి. అది తీసేయమని నేను అనను. కానీ గోడ పక్కన, చెట్ల కింద, ఎవరూ అడుగు పెట్టని చోట కూడా గడ్డి పరిచాం. చెట్టు నీడలో అది ఎలాగూ సరిగా పెరగదు. అక్కడ గడ్డి తీసి, రాలిన ఆకులనే మూడు నాలుగు అంగుళాలు పరవండి. రోజూ ఊడ్చి, బస్తాల్లో కట్టి, ట్రక్కులో పంపిస్తున్న ఆకులే. నేల చల్లగా ఉంటుంది, తడి ఆరదు, కొన్నాళ్లకు అదే ఎరువవుతుంది. సగం గడ్డి అలా తగ్గిందనుకోండి, రోజుకు రెండు ట్యాంకర్లు మిగిలాయి. మీరు అడిగిన ఆ ఆటస్థలానికి నీళ్లు అందులోంచే వస్తాయి.

వాన సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇందాకటి లెక్కే వేయండి. రెండెకరాలంటే 8,000 చదరపు మీటర్లు, 800 మిల్లీమీటర్లు. 64 లక్షల లీటర్లు మన గోడల లోపలే పడుతున్నాయి. ఎక్కువ భాగం గేటు దగ్గర కాలువలోకి పోతోంది. ఎలాగూ నేల తవ్వుతున్నారు కాబట్టి, ఆ పల్లంలోనే నాలుగు ఇంకుడు గుంతలు అదే అంచనాలో పెట్టమందాం. విడిగా అడిగితే మళ్లీ ఫైలు కదలాలి.

ఇక పని జరిగేటప్పుడు మనం కళ్లు తెరిచి చూడాల్సినవి. పైపులు వేశాక, మట్టి పూడ్చకముందే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూడాలి. ఆ రోజు మనవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. ట్రాక్ కిందుగా పైపు పోయే చోట ముందే ఒక లావు పైపు వేసి అందులోంచి దీన్ని పంపాలి, రేపు లీకైతే ట్రాక్ పగలగొట్టకుండా లాగేయొచ్చు. పూడ్చేముందు ప్రతి మలుపూ, ప్రతి వాల్వూ ఫోన్‌లో ఫొటో తీయండి. ఏ చెట్టు నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి మ్యాపు మీద రాయండి. కిందటిసారి ఓపెన్ జిమ్ పునాదికి తవ్వుతూ మెయిన్ లైను కోసేశారు. తవ్వినవాళ్లకు అక్కడ పైపు ఉందని చెప్పేవాళ్లే లేరు, ఎందుకంటే మ్యాపే లేదు. ఈసారి మ్యాపు మూడు కాపీలు. ఒకటి ఆఫీసులో, ఒకటి సంఘం దగ్గర, ఒకటి లామినేషన్ చేయించి మోటారు గది గోడకు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి పాత వాల్వులు ఒక్కొక్కటే తిప్పి, ఏది ఎక్కడికి పోతుందో సున్నంతో నేల మీద గీతలు గీద్దాం. 20 లీటర్ల బకెట్ ఒకటి కావాలి, మోటారు నుంచి అది ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే గంటకు ఎన్ని లీటర్లు వస్తాయో తేలిపోతుంది. కాలనీలో మొదటి నుంచీ ఉన్నవాళ్లు, పాత లైను వేసిన రోజులు గుర్తున్నవాళ్లు తప్పకుండా రావాలి. సున్నం నేను తెస్తాను. బకెట్ ఎవరు తెస్తారు?